పదమూడో చింతపిక్క

అనకాపల్లి,
సోమవారం

సుందరమ్మగారికి నమస్కారాలు.

మీరు ఫోను ఎత్తరు కాబట్టి ఈ ఉత్తరం మీ మనవరాలు శ్రావ్య సంచిలో పెడుతున్నాను. రెండో తరగతికి గుణకారం మొదలుపెట్టాను. మూడు పళ్ళేలు, పళ్ళేనికి నాలుగు చింతపిక్కలు, మొత్తం పన్నెండు. శ్రావ్యకి మాత్రం ఎప్పుడూ పదమూడు. ఆ ఒక్కటీ ఏమిటమ్మా అంటే "కొసరు టీచర్" అంటోంది. శుక్రవారం తనిఖీకి అధికారి వస్తున్నారు. వరసలు చక్కగా పేర్చేది ఆ పిల్లే కాబట్టి ఆయన ముందు చేసి చూపించాల్సిందీ తనే. నా పరువు మీ చేతిలో ఉంది.

ఇట్లు,
పావని టీచర్

తా.క. ఈ రోజు హాజరు శ్రావ్యే లెక్కపెట్టింది. క్లాసులో ఒకరు ఎక్కువొచ్చారు.

మంగళవారం

పావని టీచరమ్మకి సుందరమ్మ ఆశీస్సులు.

ముప్ఫై ఏళ్ళుగా చిన్న చిన్న అచ్చుల బెల్లం అమ్ముతున్నాను. డజను అచ్చులు అడిగినవాళ్ళకి పన్నెండే చేతిలో పెట్టిన పాపం ఎరగను. పిల్ల నా కొట్లో కూర్చుని నేర్చుకున్నదీ అదే. పళ్ళేనికి నాలుగే అని గీసి పెడితే రేపు మీ బడికి ఎవరొస్తారు? అయినా "టీచర్‌కి నేనంటే ఇష్టం లేదు" అని పిల్ల ఏడిస్తే తట్టుకోలేకపోయాను. శుక్రవారం దాకా కొట్లో కొసరు బంద్.

మీ మేలు కోరే,
సుందరమ్మ

తా.క. టీ కొట్టు నూకరాజు డజను అచ్చులు కొని, చెయ్యి చాపి అలాగే నిలబడ్డాడు. చివరికి "ఏటి అత్తా, ఒంట్లో బాగోనేదా?" అన్నాడు. "బానే ఉంది, గుణకారం సేత్తన్నాను" అన్నాను.

బుధవారం

సుందరమ్మగారికి కృతజ్ఞతలు.

శ్రావ్య ఇప్పుడు పన్నెండే అంటోంది! శుక్రవారం మీ బెల్లం అచ్చులే పేర్పిద్దామని ఉంది. వరసకి ఆరు చొప్పున నాలుగు వరసలు. నిలువుగా చూసినా అడ్డంగా చూసినా ఇరవై నాలుగు. దయచేసి సరిగ్గా అన్నే పంపండి.

పావని

తా.క. మధ్యాహ్నం బుజ్జి ఇంకో గరిటె సాంబారు అడిగితే శ్రావ్య అడ్డం పడింది. అందరికీ సమానమట. ఈ సంగతి శుక్రవారం తర్వాత చూద్దాం.

గురువారం

టీచరమ్మకి,

ఇరవై నాలుగు పంపాను. మూడుసార్లు లెక్కపెట్టాను. ఇరవై అయిదోది దానంతటదే చేతిలోకి వచ్చింది. తిరిగి డబ్బాలో పడేశాను. మీకోసం కాదు, పిల్ల కోసం.

సుందరమ్మ

తా.క. నూకరాజు ఎదురు కొట్టుకి వెళ్ళిపోయాడు.

శుక్రవారం

సుందరమ్మగారికి,

ఏ ముఖం పెట్టుకుని రాయాలో తెలియడం లేదు. శ్రావ్య నాలుగు వరసలూ గీత గీసినట్టు పేర్చి, ఇరవై నాలుగు అంది. అధికారిగారు మెచ్చుకుని, చివరి వరసలోంచి ఒక అచ్చు తీసి నోట్లో వేసుకున్నారు. అప్పుడే హెడ్మాస్టరుగారు లోపలికొచ్చి, మళ్ళీ ఒకసారి చెప్పమన్నారు. శ్రావ్య వేలు పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టి "ఇరవై మూడు" అంది. అధికారిగారు బెల్లం చప్పరిస్తూనే "పిల్లలకి గుణకారం పట్టుబడలేదు" అని పుస్తకంలో రాసేశారు.

నాకు ఏడుపొచ్చింది. శ్రావ్యే నా చెయ్యి పట్టుకుని, "టీచర్, మా మామ్మ ఇందుకే ఒకటి ఎక్కువ పెడతాది" అంది.

మీ పావని

తా.క. ఆయన సోమవారం మళ్ళీ వస్తారట. ఇరవై నాలుగు అచ్చులు కావాలి. దయచేసి మీ లెక్క ప్రకారం పంపండి.