శత్రువుకొక ఎన్విరాన్‌మెంట్

కాశిబుగ్గ, వరంగల్
3-2-2025

హన్మకొండ చౌరస్తా కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పే సింధుకు,

కిషన్ రావు ఆశీస్సులు. ముప్పై ఒక్కేళ్లు లైబ్రేరియన్‌గా పనిచేసి, రిటైరయ్యాక నీ దగ్గర మూడు నెలలు పైథాన్ నేర్చుకున్న ముసలాయన గుర్తున్నాడనుకుంటాను. ముందు బెంచీలో కూర్చుని అందరి తప్పులూ చెప్పేవాణ్ని.

నాకు రెండు ప్రోగ్రాములు నడవాలి. ఒకటి పుస్తకం పేజీల ఫోటోలు చూసి అక్షరాలు చదివేది. రెండోది, అలా చదివినదాన్ని నా పుస్తకంతో పోల్చి తేడాలు చూపేది. రెండింటికీ నంపై అనే ప్యాకేజీ కావాలి. ఒకదానికి పాత వెర్షన్, ఇంకోదానికి కొత్తది. పాతది ఎక్కిస్తే రెండోది అలుగుతుంది, కొత్తది ఎక్కిస్తే మొదటిది లేచిపోతుంది. ఒకే బంతిలో కూర్చోమంటే కూర్చోని వియ్యంకుల్లా ఉన్నాయి.

తొందర ఎందుకంటే, మార్చి రెండున వెంకట్రాజం అనే ఆయనకు 'మన నేతగాళ్లు' అనే పుస్తకం రాసినందుకు హన్మకొండలో సన్మానం. 1994లో నా 'కాశిబుగ్గ మగ్గాలు' మీద పత్రికలో ఆయన చేసిన సమీక్ష మొత్తం ఇదీ: "కాగితం బాగుంది." ఆ తర్వాత మా కొట్లాట అంతా పత్రికల్లోనే జరిగింది. ఎదురుపడి మాట్లాడుకున్నది లేదు. ఇప్పుడాయన తప్పులన్నీ వెతికి, అదే సభలో నిలబడి, నంబర్లు వేసి చదవాలి. ఆ తర్వాత నేను పోయినా ఫికర్ లేదు.

ఇట్లు,
కిషన్ రావు

తా.క.: ఫోన్ చేయొద్దు. ఫోన్లో అన్న మాటను తర్వాత ఎవరూ ఒప్పుకోరు. టైపు చేసిన జవాబూ వద్దు, దానికి మనిషి మొహం ఉండదు. చేత్తో రాయి.


హన్మకొండ
6-2-2025

కిషన్ రావు సార్‌కు సింధు నమస్కారాలు.

ఆ రెండింటినీ ఒకచోట పెట్టడమే చిక్కు సార్. వేరు వేరు ఎన్విరాన్‌మెంట్లు చేసుకోండి. అవి కంప్యూటర్‌లో కట్టుకునే గదుల్లాంటివి. ఒక గదిలో పాత నంపై ఉంటుంది, ఇంకో గదిలో కొత్తది. ఒకరి మొహం ఒకరు చూసే పని లేదు. పనికి కూర్చునే ముందు, ఏ గది కావాలో ఆ గదిని యాక్టివేట్ చేయాలి. కమాండ్లు కాగితం వెనుక రాశాను.

విధేయురాలు,
సింధు

తా.క.: 'మన నేతగాళ్లు' మీరు కొన్నారా సార్, లేక ఎవరైనా ఇచ్చారా?


కాశిబుగ్గ
10-2-2025

చిరంజీవి సింధుకు,

ముందు నీ చేతిరాత సంగతి. ఈ కాలం పిల్లలు 'ళ' రాస్తే వానపాము ఎండకు చచ్చినట్టుంటుంది. నీ 'ళ' చూస్తే పుస్తకం కవరు మీద అచ్చేయాలనిపించింది. నీకు తెలుగు నేర్పినవారెవరో, వారికి నా నమస్కారం చెప్పు.

ఇక గదులు. నువ్వు చెప్పినట్టే కట్టాను, శత్రువుకొకటి చొప్పున తొమ్మిది. మొదటిది వెంకట్రాజానిది. రెండోది, లైబ్రరీలో నా కుర్చీ తీసుకుపోయి తిరిగివ్వని రాజమౌళిది. మూడోది, పుస్తకం పేజీలు మడిచే డాక్టర్ రాంప్రసాద్‌ది. మిగతావారి పేర్లు ఉత్తరంలో రాయదగినవి కావు. మా ఆవిడ ప్రేమలత తెర మీద ఆ వరస చూసి, "ఒక్కొక్క పగోనికి ఒక్కొక్క అర్ర కట్టిచ్చి సాదుతాండ్లా? గీ ఇంట్ల నాకు సొంతంగ అల్మార గూడ లేదు!" అంది.

ఇంతలో కంప్యూటర్ చోటు నిండిందంది. తెరిచి చూస్తే తొమ్మిది గదుల్లోనూ అదే నంపై, అవే ప్యాకేజీలు! నా ముప్పై ఒక్కేళ్ల ఉద్యోగంలో లైబ్రరీకి ఒకే పుస్తకం రెండో కాపీ రానివ్వలేదు. అన్నింటికన్నా కొత్త నంపై ఒక్కటి ఉంచి మిగతా ఎనిమిదీ తీసేశాను. ఇప్పుడు ఏ ప్రోగ్రామూ లేవడం లేదు. పక్క గదిలో సామాను ఉంటే అడిగి తెచ్చుకోవడం కూడా చేతకాదా వీటికి?

ఇట్లు,
కిషన్ రావు

తా.క.: పుస్తకం కొన్నాను. శత్రువు పుస్తకం అడుక్కుని చదివితే తిట్టే హక్కు ఉండదు.


హన్మకొండ
14-2-2025

కిషన్ రావు సార్‌కు సింధు నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి చాలాసేపు పని చేయలేకపోయాం. క్షమించాలి.

గది కట్టాల్సింది పనికి సార్, శత్రువుకు కాదు. శత్రువులెందరున్నా మీ పనులు రెండే, చదవడం, పోల్చడం. తొమ్మిదీ తీసేసి రెండు కట్టండి. ఒక గది సామాను ఇంకో గదికి పనికిరాదు, దాని కోసమే కదా గోడ. అన్నింట్లో పేరు నంపైయే అయినా వెర్షన్ వేరు. మొదటి ముద్రణ, రెండో ముద్రణ ఒకటేనా? లైబ్రేరియన్‌గా మీకే బాగా తెలుసు.

ఇంకో మాట. గది బాగా నడుస్తున్నప్పుడే అందులో ఏ ప్యాకేజీ, ఏ వెర్షన్ ఉందో ఒక లిస్టు రాయించి పెట్టుకోండి. రేపు గది పాడైనా ఆ లిస్టు చూసి మళ్లీ కట్టుకోవచ్చు.

విధేయురాలు,
సింధు

తా.క.: మిగతా ఆరుగురి పేర్లు కూడా రాయండి సార్. ఇక్కడ అందరూ అడుగుతున్నారు.


కాశిబుగ్గ
19-2-2025

చిరంజీవి సింధుకు,

నడిచింది! రెండు గదులు, రెండు నంపైలు, ఇల్లు ప్రశాంతం. వెంకట్రాజం పుస్తకంలో నలభై ఒక్క తప్పులు తేలాయి. ప్రేమలతతో పాయసం చేయించుకుని తిన్నాను.

అన్నింటిలో మహారాజులాంటి తప్పు పదిహేడో పేజీలో ఉంది. కాశిబుగ్గలో గుంట మగ్గం నేసే కట్టయ్యను పట్టుకుని ఎడమచేతివాటం మనిషి అన్నాడు! కట్టయ్య కుడిచేత్తో దారపు నాడె విసురుతుంటే నలభై ఏళ్లు చూసినవాణ్ని. ఈయనకు ఈ సంగతి చెప్పిన గుడ్డి మహానుభావుడెవరో, వాణ్ని కూడా సభకు పిలిపించాలి.

ఇట్లు,
కిషన్ రావు

తా.క.: రెండో తారీఖున నువ్వు ముందు వరుసలో కూర్చో. నేను చదువుతున్నప్పుడు ఆయన మొహం ఎలా మారుతుందో చూసి నాకు చెప్పు. నా కళ్లద్దాలు కాగితం వరకే పనిచేస్తాయి.


హన్మకొండ
22-2-2025

కిషన్ రావు సార్‌కు సింధు నమస్కారాలు.

ఒక్క సందేహం. ప్రోగ్రాం తప్పు చూపిస్తే మేం ముందు కోడ్‌ను తిట్టం. అది ఏ వెర్షన్ మీద నిలబడిందో లిస్టు తీసి చూస్తాం. పుస్తకాలకూ చివర్లో అలాంటి లిస్టు ఉంటుంది కదా. 'మన నేతగాళ్లు' చివరి పేజీ చూశారా?

మీరు పోల్చింది మీ పుస్తకం రెండో ముద్రణతోనా, మొదటిదానితోనా?

విధేయురాలు,
సింధు


కాశిబుగ్గ
25-2-2025

చిరంజీవి సింధుకు,

చూశాను. శత్రువు పుస్తకంలో చివరి పేజీ దాకా పోయే అలవాటు నాకు లేదు. అదే నా కొంప ముంచింది.

ఆధార గ్రంథాల్లో మొదటి పేరు నాది. 'కాశిబుగ్గ మగ్గాలు', కిషన్ రావు, మొదటి ముద్రణ, 1994. అటక మీది పెట్టె దింపి ఆ ముద్రణ తీశాను. నలభై ఒక్క తప్పులూ అందులోనే ఉన్నాయి, ఒక్కటి కూడా చెక్కు చెదరకుండా. ప్రెస్సువాడు ప్రూఫులో కట్టయ్య ఫోటోను తిరగేసి పెట్టాడు. నేను ఎదురుగా ఉన్న మనిషిని వదిలేసి, ఆ ఫోటో చూసి ఎడమచేతివాటం అని కింద రాశాను. పుస్తకం వచ్చిన వారానికి కట్టయ్య మా గడపలో నిలబడి, "సారూ, గిది నా కుడిచెయ్యి. మంచిగ సూస్కోన్రి" అని చెయ్యి ఊపి పోయాడు. రెండో ముద్రణలో అన్నీ దిద్దాను. ఆ ముద్రణ ఊరందరికీ పంచి, ఒక్క వెంకట్రాజానికి మాత్రం ఇవ్వలేదు. మొదటి ముద్రణను మరిచిపోవాలని కష్టపడ్డాను, ఆ కష్టం ఇంత బాగా ఫలిస్తుందనుకోలేదు.

నా పుస్తకాన్ని అక్షరం పొల్లుపోకుండా చదివిన మనిషి ఈ జిల్లాలో ఒక్కడే ఉన్నాడు, వాణ్నే నేను తిడుతూ వచ్చాను. సభకు నేను రాను. ఏ మొహంతో రావాలి?

ఇట్లు,
గుడ్డి మహానుభావుడు

తా.క.: కంప్యూటర్ చదువుకున్న పిల్లవు, పుస్తకం చివరి పేజీ సంగతి నీకెలా తట్టింది?


హన్మకొండ
27-2-2025

మిత్రులు కిషన్ రావు గారికి వెంకట్రాజం నమస్కారాలు.

ఈ 'ళ' మీకు పరిచయమే. సింధు నా మనుమరాలు, కూతురి కూతురు. ఇంగ్లీషు మీడియంలో చదివింది. "తాతా, సార్ చేత్తోని రాయమన్నడు, నాకు రాయరాదు, జర నువ్వు రాసియ్యవా" అని మీ మొదటి ఉత్తరం పట్టుకొచ్చింది. నంపై సంగతులు తాను చెబితే నేను రాశాను. తాజాకలములు, చివరి పేజీ సందేహం నావి. నా మీద నాకే వచ్చిన తిట్లకు నా చేత్తోనే జవాబు రాయడం కొత్త అనుభవం. మీ నమస్కారం కూడా అందింది. చెప్పినవారు వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు.

1994 సమీక్ష గురించి. నేను నాలుగు పేజీలు రాశాను. పత్రికవాళ్లు చోటు లేదని కోసి కోసి చివరి వాక్యం అచ్చేశారు. వివరణ రాద్దామనుకునేలోపే మీరు అదే పత్రికలో నన్ను 'కాగితం రుచి తెలిసిన చెదపురుగు' అన్నారు. నాకూ రోషం వచ్చింది. ఆ నాలుగు పేజీల నకలు నా దగ్గర భద్రంగా ఉంది. ఎల్లుండి కాక ఆవలెల్లుండి సభలో నా వంతు రాగానే అదే చదువుతాను. వినడానికి మీరు రావాలి. వస్తూ రెండో ముద్రణ తీసుకురండి. మొదటి వెర్షన్ మీద నిలబడి నలభై ఒక్కసార్లు పడ్డాను.

మీ,
వెంకట్రాజం

తా.క.: నా గది అప్పుడే ఎవరికీ ఇచ్చేయకండి. నా పుస్తకం రెండో ముద్రణకు తప్పులు దిద్దేది మీరే కాబట్టి, మళ్లీ కొట్లాడుకోక తప్పదు.

ఇంకో తా.క.: సార్ నేను సింధు. గిదే నా అసలు రైటింగ్, నవ్వకున్రి. ప్యాకేజీల డౌట్ ఇంకోటి ఏదన్న ఉంటె జల్ది రాయిన్రి సార్. డౌట్ లేకున్నా రాయిన్రి. తాత పొద్దుగాల్నే పోస్ట్‌మన్ కోసం గేటు కాడ కుర్సీ ఏస్కొని కూసుంటాండు.