మట్టల ఆదివారం తర్వాత నాన్న కారు

గురువారం, సారపాక

ఈరోజు కూడా నాన్న పాత కారు గోదావరి బ్రిడ్జి మీదికి రాగానే నీరసపడిపోయింది. ఎంత తొక్కినా లాగదు. వెనక జామాయిల్ లారీల హారన్లు, పక్కన కళ్ల డాక్టరు కోసం బయల్దేరిన అమ్మ. వారంలో రెండోసారి ఉసూరుమంటూ వెనక్కి వచ్చాం.

ఈ కారుకు ఇంజన్ వెనక ఉంటుంది; దానికి నీళ్లుండవు, గాలే చల్లబరచాలి. సోమవారమే మెకానిక్ యాకూబ్ అన్నాడు: "ఇంజన్ గింత కాలుతున్నదంటే గాలి అందుతలేదు సార్. ఎనక జాలీ ఇప్పి చూద్దామా?"

"మా నాయన కారు గురించి నాకే చెప్తున్నవా? ముందు కార్బురేటర్ సక్కగ కడుగు!" అని షాపులో అందరి ముందూ అరిచాను. కార్బురేటర్ రెండుసార్లు కడిగించాను, ప్లగ్గులు మార్పించాను. దేనికీ లొంగలేదు.

సాయంత్రం విసుగెత్తి జాలీ నేనే విప్పాను. ఫ్యాన్ మూతికి ఎండిన పామాయిల్ ఆకులు దట్టంగా అతుక్కుని ఉన్నాయి. మొన్న మట్టల ఆదివారం చర్చి ఊరేగింపుకు కారును అలంకరిస్తూ, మట్టలు నిలబడటం లేదని ఆ జాలీ సందుల్లో కుక్కింది నేనే!

అమ్మ ఒకటే అడిగింది: "యాకూబ్‌కు ఫోన్ చేసినవా బిడ్డా?"

చేయలేదు. రేపు గుడ్ ఫ్రైడే. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల్లో మొదటిది క్షమాపణ గురించి. చర్చిలో దాని మీద మాట్లాడాల్సిన వంతు ఈసారి నాది.