వెనక ఎడమవైపు సీటు

చీపురుపల్లి,
ఆదివారం

మా రాజకుమారప్పకు, నీ చెల్లెలు దాలి రాస్తున్నది.

ఫోను చేస్తే నీకు సగమే వినబడుతుంది. మిగతా సగం బావ పక్కన నిలబడి, కోటబొమ్మాళి సంతలో అందరికీ వినబడేలా అరిచి చెబుతాడు. ఈ సంగతి నాకు ఊరంతా తెలియడం ఇష్టం లేదు. అందుకే కాగితం పట్టుకున్నాను. ముందు అసలు మాట అడిగేస్తాను. మీ ఇంట్లో ధాన్యం బస్తాలు వేసుకునే గది ఖాళీ చేయించగలవా? నేను వచ్చేద్దామనుకుంటున్నాను. చుట్టపుచూపుగా కాదు, ఉండిపోవడానికి.

కారు మీద అలిగి మొగుణ్ణి వదిలేసే ఆడది ఎక్కడైనా ఉందా అని నవ్వుతావు. నవ్వుకో. నేనూ మొదట్లో నవ్వాను.

మీ మరిది పాత కారు కొన్నాడని నీకు తెలుసు. ఎవరి కారో నీకు చెప్పలేదు. మా పెళ్లయిన కొత్త నుంచి ఈయన విజయనగరంలో డ్రైవరుగా చేశాడే, రోడ్డు కాంట్రాక్టరు నరసింగరావు బాబుగారు, ఆయన కారు. బాబుగారు రాజమండ్రి నుంచి వస్తూ ఆ కారులోనే, వెనక ఎడమవైపు సీట్లోనే పోయారు. ఇంటి ముందు ఈయన తలుపు తీసేదాకా ఎవరికీ తెలియలేదు. కొడుకు గోవింద్ ఈయన్ని ఆ రోజే పనిలోంచి తీసేశాడు, కారును అమ్మేశాడు. అది ఇద్దరి చేతులు మారి, ఈ మధ్య విశాఖపట్నంలో పాత కార్లమ్మేవాడి దగ్గర తేలింది. సరుకుల ఆటో కొనుక్కుందామని ఇద్దరం కడుపు కట్టుకుని దాచిందంతా తీసుకెళ్లి దాని మీద పోశాడు. మూడు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండి అప్పా! కొనేముందు నాతో ఒక్క మాట అనలేదు.

అడిగితే ఏమన్నాడో తెలుసా? "ఒసే, పాత బండి కొన్నోడు మీటరు సూసి మోసపోతాడు. నాను ఎలగ మోసపోతాను? ఆ మీటరు తిప్పినోణ్ణి నానే. ఏ గేరు ఎక్కడ మొండికేస్తాదో, ఏ నట్టు ఎప్పుడు బిగించినామో దేవుడికన్నా నాకే బాగా తెలుసు" అన్నాడు. నిజమే కదా అని నోరు మూసుకున్నాను. పెళ్లిళ్లకు అద్దెకు తిప్పుతాడు, నాలుగు డబ్బులు వస్తాయి అనుకున్నాను.

తెచ్చిన రోజే ఆనందపురం దగ్గర ఆగిపోయింది. తరువాత నీళ్లు కారడం, ఆ తరువాత గేరు పడేటప్పుడు వెనక నుంచి ఎవరో గుద్దినట్టు ఒక కుదుపు. ముందు అద్దం కింద ఎప్పుడూ ఏదో ఒక ఎర్రదీపం వెలుగుతూనే ఉంటుంది. ఏ చిన్న సామాను కావాలన్నా చెన్నై నుంచి రావాలి. పోనీ, బండ్లన్నాక చెడతాయి, బాగవుతాయి. నేను దానికి భయపడేదాన్ని కాదు.

పొద్దున్న లేచి ముగ్గు వేయడానికి వెళ్తానా, కారు ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. వెనక ఎడమవైపు చక్రం మీద బాగా కిందికి దిగిపోయి, అచ్చం అక్కడ ఎవరో బరువైన మనిషి కూర్చున్నట్టు. రోజూ అంతే. ఈయన లేచి, చేతులు కడుక్కుని, ఇంజను వేస్తాడు. అది నెమ్మదిగా లేస్తుంది. అప్పుడు దిగి, చుట్టూ తిరిగి వెళ్లి, ఆ వెనక తలుపు తీసి, కాసేపు పట్టుకుని నిలబడి, మళ్లీ చప్పుడు కాకుండా వేస్తాడు. ఎక్కడ ఆగినా అదే తంతు. టీకొట్టు దగ్గరా అంతే, పెట్రోలు బంకు దగ్గరా అంతే. లోపల ఎవరూ ఉండరు! గరివిడి పెళ్లిలో పెళ్లికొడుకును ఆ సీట్లో కూర్చోనివ్వలేదు. "అటుపక్క కూకోండి బాబూ" అన్నాడట. పెళ్లికొడుకు తల్లి మామూలు మనిషా? నడిరోడ్డు మీద దులిపేసింది. ఆ తరువాత ఒక్కరూ పిలవలేదు.

పోయిన శుక్రవారం నేను తెగించాను. ఎస్.కోట వెళ్లాలి, పద అని, ముందు కూర్చోకుండా వెళ్లి ఆ వెనక సీట్లో కూర్చున్నాను. ఈయన అద్దంలో చూశాడు. ముఖం సున్నం కొట్టినట్టయిపోయింది. తిట్టలేదు అప్పా, తిట్టినా బాగుండేది. దిగి, చుట్టూ తిరిగి వచ్చి, తలుపు తీసి, తల వంచుకుని నిలబడ్డాడు. నేను దిగేదాకా అలాగే నిలబడ్డాడు. ఎదురింటి కూర్మమ్మ గుమ్మంలోంచి చూస్తూనే ఉంది. ఇన్నేళ్లు కాపురం చేసి, నా మొగుడి కారులోంచి నన్ను దింపేశారు. చచ్చిన మనిషికున్న చోటు నాకు లేదు.

గది సంగతి రాయి.

నీ దాలి


చీపురుపల్లి,
బుధవారం

అప్పా,

నీ ఉత్తరం అందింది. గది ఖాళీ చేయించావు, సంతోషం. దిష్టి తీయించమన్నావు కదా, తీయించాను. గుమ్మడికాయ కొట్టించాను, నిమ్మకాయలు కట్టించాను. మర్నాడు నిమ్మకాయలతో సహా బండి అటే ఒరిగి ఉంది. నాకు ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

ఈయన ఇంట్లో లేనప్పుడు విజయనగరం నుంచి వినోద్ అనే మెకానిక్కును పిలిపించాను. పెద్ద కార్లే చూస్తాడట. కిందికి దూరి చూసి, మట్టి దులుపుకుంటూ లేచాడు. "దెయ్యమూ నేదు, గియ్యమూ నేదు వదినా. ఈ బండికి స్ప్రింగులకి బదులు గాలి సంచులుంటాయి. వెనక ఎడమది చిల్లుపడిపోనాది. ఆపేస్తే గాలి దిగిపోతాది, ఇంజను వేస్తే మళ్లీ నిండుతాది. ఇంత తిరిగిన బండికి ఇది మామూలే. సంచి మార్చేస్తే సరి" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. అతనికి పెరుగన్నం పెట్టి పంపించాను.

ఈయన రాగానే చెప్పాను. నేనేదో కనిపెట్టినట్టు ఎంత హుషారుగా చెప్పానో! చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తూ, "నాకు తెల్దేటే? బాబుగారున్నప్పుడే కారటం మొదలైనాది" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "తెలిసీ ఎందుకు బాగుచేయించలేదు? నన్ను పిచ్చిదాన్ని చేయడానికా? చెప్పకపోతే రేపు అప్ప దగ్గరికి వెళ్లిపోతాను" అని అందామనుకున్నాను. చెప్పకపోతే అన్నదాకా వచ్చి, ఈయన ముఖం చూసి ఆగిపోయాను. మంచం మీద కూర్చుని, తనంతట తానే మొదలుపెట్టాడు. పెళ్లయ్యాక ఈయన అంతసేపు మాట్లాడటం నేను ఎరగను.

"అది దిగితే బాబుగారు కూకున్నట్టుంటాదే. బాగుచేయిస్తే బాబుగారు ఎల్లిపోతారు" అన్నాడు.

బాబుగారు కారెక్కితే ముఖం మీద తువ్వాలు వేసుకుని పడుకునేవారట. పడుకుంటే లేపకూడదు. అద్దంలో వెనక్కి చూడకూడదు, ఆయనకు గిట్టదు. అందుకని ఈయన అద్దాన్ని పైకి తిప్పి ఉంచేవాడట. ఆ రోజూ అంతే. తుని దగ్గర టీకి ఆగాడు, ఏసీ ఆపకుండానే దిగాడు. ఆయన కదల్లేదు. మళ్లీ బయల్దేరాక, నన్ను అరసవల్లి తీసుకెళ్లడానికి సెలవు కావాలని అడిగాడట. బాబుగారు మెలకువగా ఉన్నా జవాబివ్వని మనిషి. కాదనలేదు కాబట్టి సరే అన్నట్టే అనుకున్నాడట. ఆ సంతోషంలో దారి పొడుగునా ఏవేవో కబుర్లు చెబుతూ వచ్చాడట. నా గురించి చెప్పాడట, మామిడిపళ్ల గురించి చెప్పాడట. "శవంతో మాట్లాడినానే దాలీ. ఒక్కపాలి ఎనక్కి తిరిగి సూసుంటే తునిలోనే ఆస్పత్రికి తీసికెల్దును. ఒక్కపాలి!" అని పసిపిల్లాడిలా ఏడ్చాడు.

నేను కౌగిలించుకున్నాను. ఏం లాభం? పొద్దున్న మళ్లీ ఆ తలుపు తీసి నిలబడ్డాడు. ఇప్పుడు నాకు దెయ్యం భయం లేదు. అదుంటే బాగుండేది, ఏ మంత్రగాడో వదిలించేవాడు. ఈ మనిషి తనకు తాను వేసుకున్న శిక్షలో నేను కూడా ఉండాలంటే నా వల్ల కావడం లేదు. అన్నం తింటూ వీధిలోకి చూస్తాడు, నిద్రలో "ఇంకా దూరం ఉన్నాది, పడుకోండి" అంటాడు. నేనున్న ఇంట్లో నేనే పరాయిదాన్నయ్యాను.

ఒక్క ప్రయత్నం చేస్తాను. బాబుగారి భార్య అనూరాధమ్మగారు విజయనగరంలో ఆ ఇంట్లోనే ఉన్నారు. ఆవిడ కాళ్లు పట్టుకుంటాను. నీ తప్పేమీ లేదురా త్రినాథూ అని ఆవిడ నోటితో ఒక్క మాట అంటే చాలు. అనకపోతే శనివారం రైలుకు వచ్చేస్తాను. పెట్టె సర్దేశాను.

దాలి


చీపురుపల్లి,
సోమవారం

అప్పా,

శనివారం స్టేషనుకు బావను పంపి ఉంటావు. నేను దిగకపోయేసరికి ఎంత తిట్టాడో, ఎన్ని బీడీలు కాల్చాడో. నా మీద కోపం పెట్టుకోవద్దని చెప్పు. జరిగింది మాత్రం చెప్పకు. ఇది నీ ఒక్కర్తికే.

శుక్రవారం విజయనగరం వెళ్లాను. అంత పెద్ద ఇంట్లో అనూరాధమ్మగారు ఒక్కరే ఉన్నారు. కొడుకు బెంగుళూరులో ఉంటాడట. మనిషి సగమైపోయారు. త్రినాథ్ భార్యనని చెప్పగానే ఆవిడ చేతిలో గ్లాసు పక్కన పెట్టేశారు. నేను కారు సంగతి, సీటు సంగతి, తలుపు సంగతి అన్నీ చెప్పుకుపోయాను. తల ఎత్తకుండా విన్నారు. "ఆ రోజు ఒక్కసారి వెనక్కి చూడలేదని కుమిలిపోతున్నారమ్మా, మీరు ఒక్క మాట చెప్పండి" అని నిజంగానే కాళ్ల మీద పడ్డాను.

ఆవిడ నన్ను లేపి, "చూడలేదని చెప్పాడా?" అన్నారు.

"అవునమ్మా."

"చూశాడమ్మాయ్. తుని దగ్గర టీకొట్టు నుంచి నాకు ఫోను చేశాడు. అమ్మగారూ, బాబుగారు పిలిస్తే పలకటం లేదు, చెయ్యి చల్లగా ఉంది, ఆస్పత్రికి తీసుకెళ్లమంటారా అని అడిగాడు. ఏసీకి చల్లబడి ఉంటుంది, వారం నుంచి నిద్ర లేదు ఆయనకి, లేపితే నిన్నూ తిడతారు, నన్నూ తిడతారు, పడుకోనియ్యి, తిన్నగా ఇంటికి తీసుకొచ్చెయ్యి అన్నాను. నేనే అన్నాను. గోవింద్ అతని చొక్కా పట్టుకుని, ఎందుకు చూడలేదురా అని కొడుతుంటే, నేను ఈ గుమ్మంలోనే నిలబడ్డాను. చెబుతాడనుకున్నాను. నా తప్పే బాబూ, చూడలేదు అన్నాడు. నా వంక కూడా చూడలేదు."

నాతో ఏడుస్తూ చెప్పాడే, అద్దం పైకి తిప్పానని, వెనక్కి చూడలేదని! నా దగ్గర కూడా అబద్ధమేనా అని గుండె భగ్గుమంది. ఆవిడ అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు. "పద, అతనితోనే చెబుతాను. నాకూ నిద్ర లేదు" అన్నారు.

మా వాకిట్లో ఆటో దిగి ఆవిడ కనబడేసరికి ఈయన తువ్వాలు భుజం మీంచి తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆవిడ కూర్చోలేదు. నిలబడే, నాకు చెప్పిందంతా మళ్లీ చెప్పారు. "నన్ను క్షమించు త్రినాథూ. నిన్ను ఆపింది నేనే" అన్నారు.

ఈయన అంతా విని, నెమ్మదిగా తల అడ్డంగా ఊపాడు. "మీరు మర్సిపోనారమ్మగారూ. నాను ఫోను సెయ్యనేదు. తుని కాడ నా ఫోనుకి సార్జింగే నేదు. బాబుగారు పోనాక బెంగతో మీకలగ అనిపిస్తంది. మీరేటీ అననేదు" అన్నాడు.

"చేశావు! నాకు గుర్తులేదా?"

"నేదమ్మా. మీ ఒట్టు."

ఆవిడ నా వైపు తిరిగారు. నువ్వైనా చెప్పవే అన్నట్టు చూశారు. ఎర్రబడిన కళ్లు, సన్నటి చేతులు. అవునంటే ఈయన అబద్ధం అక్కడే పటాపంచలవుతుంది. నా పంతం నెగ్గుతుంది, బహుశా నా మొగుడు నాకు దక్కుతాడు. ఈయన నా వైపు చూడనే లేదు. తువ్వాలును మాత్రం పిండేస్తున్నాడు.

"ఈయనకు అబద్ధమాడటం రాదమ్మగారూ. ఫోను చేసి ఉంటే నాతో చెప్పేవారు" అన్నాను.

ఆవిడ నమ్మారో లేదో నాకు తెలియదు. అరుగు మీద కూలబడి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చారు. తరువాత మంచినీళ్లు అడిగారు. "అలాగే అయి ఉంటుంది. నాకీ మధ్య అన్నీ కలగలిసిపోతున్నాయి" అన్నారు. ఈయన ఆవిడను కారులో ఇంటి దగ్గర దింపడానికి వెళ్లాడు.

చీకటి పడే వేళకు తిరిగొచ్చాడు. కాళ్లు కడుక్కుని వంటింటి గుమ్మంలో కూర్చున్నాడు. నేను పొయ్యి కట్టేసి ఎదురుగా కూర్చున్నాను. "ఫోను చేశావా, లేదా?" అన్నాను.

"సేసినాను."

"నాకెందుకు చెప్పలేదు? అంత బరువూ నువ్వు ఒక్కడివే ఎందుకు మోశావు? ఆవిడ మాట విన్నావు, అంతే కదా. తప్పు నీదెలా అవుతుంది?"

ఇది కూడా అడగాలా అన్నట్టు అన్నాడు. "మొగుణ్ణి నానే సంపుకున్నాననుకుంటే ఆవిడ బతుకుతాదేటే? ఆ ఇంట్లో ఒక్కర్తీ ఉంటాది. నాకేటి, ఎంత బరువైనా మోస్తాను. నాకు నువ్వున్నావు కదా."

నా వెనక, తలుపు చాటున, సర్దిన పెట్టె అలాగే ఉంది అప్పా. లేచి వెళ్లి అన్నం వడ్డించాను. ఈయన చేతులు కడుక్కుంటుండగా పెట్టెలోంచి చీరలు తీసి దండెం మీద వేసేశాను.

బండి సంగతి ఇంకా ఏమీ అనుకోలేదు. వినోద్‌ను పిలుద్దామా అంటే "సూద్దాం" అన్నాడు. ఈ పొద్దున్న కూడా అది అటే దిగి ఉంది. ఈయన వెళ్లి తలుపు తీసి నిలబడ్డాడు. ఈసారి నేనూ వెళ్లి పక్కన నిలబడ్డాను.

నీ కాళ్లకు మొక్కి ఒకటే అడుగుతున్నాను. నేను వచ్చేస్తానని నీకు రాశానని ఈయనకు తెలియదు. ఎప్పటికీ తెలియనివ్వకు.

నీ చెల్లెలు,
త్రినాథ్ భార్య దాలమ్మ