కోడలి నోట రాని మాట

ఇంబలి,
శుక్రవారం

నా బంగారు అమ్మకి,

నువ్వు పంపిన గుమ్మడికాయని టాక్సీవాడు భద్రంగానే చేర్చాడు. ఇక్కడ మాత్రం భద్రత గురించి రోజూ గొడవే. మా వీధిలో రెండిళ్ళలో దొంగలు పడ్డారు. అప్పటినుంచి మీ అల్లుడు బెకి కరెంటు తీగల కంచె కావాలంటాడు. ఆడపడుచు జోడ్వాకి కెమెరాలు కావాలి. "నువ్వు చూసేది దొంగల్ని కాదులే, ఎదురింటి కుర్రాణ్ణి" అని వాళ్ళన్న ఉడికిస్తాడు. మామగారిదేమో ఒకటే మాట: "రెండు పెద్ద బాతుల్ని కొనండ్రా. కరెంటు పోయినా అరుస్తాయి!"

ఆఖరికి కంపెనీ మనిషి వచ్చి పెట్టె తెరిచి, సామానంతా బల్లమీద పరిచాడు. అందరూ చుట్టూ చేరి గాజుల బేరంలా ఒకటే ఏరడం. పెరట్లో రెండు గుంజల మధ్య కంటికి కనపడని కిరణాలు పెట్టారు, ఎవరు అడ్డొచ్చినా సైరన్ మోగుతుంది. వెంటనే కంపెనీవాళ్ళు ఫోన్ చేసి ఇంటివాళ్ళ రహస్యపు మాట అడుగుతారు. సరిగ్గా చెబితే సరి, లేకపోతే తుపాకులతో దిగుతారు. ఇంత జరిగినా, పగలంతా కుట్టుమిషను ముందు ఈ ఇంట్లో ఉండేదాన్ని నేనే కదా, "నీకేం కావాలి?" అని ఒక్కరూ అడగలేదమ్మా. నేను టీ ఇచ్చాను, కప్పులు తీశాను, అంతే.

రహస్యపు మాట ఏం పెట్టారో తెలుసా? మామగారి పేరులో ఉన్న మాటే! "నా పేరు నేనే మర్చిపోతే ఇంక ఇంట్లో దోచుకోడానికేముంది?" అన్నారాయన. అందరూ పడి పడి నవ్వారు. మామగారి పేరున్న మాట కోడలి నోట రాకూడదని నువ్వే కదా నాకు నేర్పావు. పెళ్ళైన రోజునుంచి కుళాయిలో వచ్చేదాన్ని, దాహానికి తాగేదాన్ని నేను కోడళ్ళ మారుమాటలో అమందంబి అనే అంటున్నాను. ఇప్పుడీ ఉత్తరంలో కూడా అసలు మాట రాయలేకపోతున్నాను. మరి ఫోన్లో ఎలా చెబుతానని ఎవరికీ తోచలేదు.

అసలు బాధ వేరే ఉందమ్మా. పెళ్ళై మూడేళ్ళైనా మామగారికి నేనింకా మకోటీనే. మకోటీ, ఉప్పేది? మకోటీ, నా కర్రేది? ఎన్నాళ్ళు నేను కొత్త పెళ్ళికూతుర్ని? పక్కింటావిడని ఏడాది తిరక్కుండానే పుట్టింటి వంశం పేరుతో పిలుస్తున్నారు. నాన్న వంశం పేరుతో నన్నూ మాజుంగు అని ఒక్కసారి పిలిస్తే ఈ ఇంటిదాన్నయ్యాననుకుందును. డిసెంబరులో డర్బన్‌లో వేరే గది చూసుకుని వెళ్ళిపోదామని బెకితో చెప్పేస్తాను. అతనికింకా తెలీదు, నువ్వూ ఎవరితోనూ అనకు.

నీ
జబులిలే

*

ఇంబలి,
మంగళవారం

అమ్మా, నా తల్లీ,

నవ్వకుండా చదువు. ఇవాళ పొద్దున అందరూ పనులకి వెళ్ళాక సైరన్ మోగింది. చూద్దును కదా, మామగారు టమాటా మొక్కల దగ్గరికి వెళ్తూ కిరణాల్లోకి నడిచారు. ఇంతలో ఫోన్.

"మీ ఇంటి మాట చెప్పండమ్మా."

"తెలుసు నాయనా. కానీ నేను కోడల్ని."

"కోడలైనా కూతురైనా మాట చెప్పాల్సిందే."

"కుళాయి తిప్పితే వచ్చేది."

"పొడుపుకథలొద్దమ్మా."

"అమందంబి!"

"అలాంటిది ఇక్కడ లేదు."

"మీ అమ్మ ఎప్పుడైనా మీ తాత పేరు పలికిందా, చెప్పు!"

వాడు గొంతు తగ్గించాడు. "అర్థమైందమ్మా. పక్కన ఎవరో తుపాకీ పెట్టి మాట్లాడిస్తున్నారు కదా? భయపడకండి, మనుషుల్ని పంపుతున్నా."

వచ్చేశారమ్మా! గోడ దూకి మరీ వచ్చారు. మామగారు గళ్ళ దుప్పటి కప్పుకుని, రెండు చేతులూ పైకెత్తి, ఒక చేతిలో టమాటాతో నిలబడ్డారు.

"నేనీ ఇంటి యజమానినిరా!"

"అందరూ అదే అంటారు తాతా. ఏమ్మా, ఎవరీయన?"

"మా మామగారు."

"పేరు?"

ఏం చెప్పను? శాలువా అంచు నోటికడ్డం పెట్టుకుని నేలచూపులు చూశాను. తుపాకీ మామగారి వైపే ఉంది. అయినా నోరు పెగల్లేదు. వాళ్ళలో పెద్దవాడు నన్నో క్షణం చూసి తుపాకీ దించేశాడు. "ఒరేయ్, ఈవిడ మామగారి పేరు పలకదురా! ఈ కాలంలో ఇంకా ఇలాంటి కోడలుందా?" అని పకపకా నవ్వాడు.

వాళ్ళు వెళ్ళాక మామగారు బోర్లించిన బకెట్ మీద కూలబడ్డారు. "పిచ్చిదానా, కాల్చేసుంటే? ఆ ఒక్క మాటా అనలేకపోయావా?"

"అందామనే అనుకున్నాను బాబా. నోరు రాలేదు."

ఆయన లేచి గదిలోకి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం తిండికీ రాలేదు. సాయంత్రం అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడతారట. తిట్టి పంపేస్తే ఇంక డర్బన్ గది సంగతి నేను ఎత్తక్కర్లేదు. భయంగా ఉందమ్మా.

నీ
జబులిలే

*

ఇంబలి,
ఆదివారం

నన్ను కన్న తల్లికి,

సంతోషంలో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు. ఆ సాయంత్రం మామగారు అందరి ముందూ కంపెనీకి ఫోన్ చేయించారు. "మా ఇంటి మాట మార్చాలి, రాసుకో. మాజుంగు."

బెకి నోరు తెరిచాడు. "అదేంటి బాబా?"

"అదే మరి. కంచెలూ కెమెరాలూ ఏరారు, ఈ ఇంటిని అసలు కాచేది ఎవరో మీకూ తెలీలేదు, నాకూ తెలీలేదు." తర్వాత నావైపు తిరిగారు. "ఇప్పుడు చెప్పు మాజుంగూ, ఇంటికి ఇంకేం కావాలి?"

నాకు కళ్ళు తడిశాయి, నవ్వూ వచ్చింది. "రెండు పెద్ద బాతులు, బాబా" అన్నాను. ఆయన కర్రతో నేలమీద టకటకా కొట్టి "విన్నార్రా!" అని అరిచారు. జోడ్వా తల పట్టుకుంది.

బాతులు నిన్ననే వచ్చాయి. కంపెనీవాళ్ళకి మాత్రం మా ఇల్లంటే విసుగొచ్చింది. ఎందుకంటే రోజూ పొద్దున్నే సైరన్ మోగుతోంది. ఫోన్ రాగానే మామగారే అందుకుని, వీధి చివరివాళ్ళకి కూడా వినపడేలా "మాజుంగు! మాజుంగు!" అని కేకేస్తారు. పక్కింటావిడ నిన్న గోడమీంచి నన్ను ఆ పేరుతోనే పిలిచింది. బాబా రోజూ ఆ గుంజల మధ్యకే నడుస్తున్నారు, చూపు తగ్గింది, కళ్ళడాక్టరుకి చూపించాలని బెకి దిగులు పడుతున్నాడు.

కానీ ఇవాళ వంటగది కిటికీలోంచి చూశానమ్మా. ఆయన కిరణాలకి ఇవతలే ఆగారు. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరనుకుని, మెల్లిగా కర్ర చాపి అందులో ఆడించారు.

డర్బన్ గది మాట నువ్వూ మర్చిపో.

నీ కూతురు,
మాజుంగు