పెనానికి పొట్టేలు కొవ్వు

సరళా,

స్టవ్ పక్కన స్టీలు గిన్నెలో ఉన్నది నెయ్యి కాదు, పొట్టేలు కొవ్వు. కరిగించి వడగట్టాను. పారబోయొద్దు. అలసంద పప్పులో ఒక చెంచా వేసుకుంటే రుచిగా ఉంటుంది.

మా అమ్మ ఇచ్చిన ఇనుప పెనం తుప్పు పట్టింది. మనిద్దరం కలిసి జొన్నరొట్టె తిని నెల దాటింది కదా, దాన్ని ముట్టుకున్నవాళ్లే లేరు. తుప్పంతా గీకి, కడిగి ఆరబెట్టాను. నువ్వు ఆస్పత్రి డ్యూటీ నుంచి వచ్చాక దాన్ని బాగా కాల్చి, ఈ కొవ్వు గుడ్డతో పలచగా పట్టించు. పొగ వచ్చి ఆగేదాకా మంట ఆపొద్దు. ఇక మీదట దానికి సబ్బు పెట్టొద్దు.

నిన్న మాంసం అంగడి ఓబన్న, "కొవ్వు గూడా వేయల్లనా అప్పా? ఇంట్లో ఎంతమంది ఉండారు?" అని అడిగాడు. "ఇద్దరం ఉండాం, వెయ్యన్నా" అన్నాను. తీరా నీకు రెండో డ్యూటీ కూడా పడింది. ఒక్కడినే కూర్చుని తిన్నాను. నీ కూర ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకో.

రేణిగుంట దాకా గూడ్సు బండి తీసుకుపోతున్నాను. బుధవారం పొద్దున వస్తాను.

లక్ష్మీపతి

ఇంకోటి. నిన్న ఫోన్ చేస్తే, "ఏం పనప్పా, బిరీన చెప్పు, పేషెంట్లు ఉండారు" అన్నావు. ఏమీ లేదని పెట్టేశాను. నిజంగానే పనేమీ లేదు. పొద్దుటి నుంచి ఇంట్లో ఒక్క మనిషి గొంతూ వినబడక చేశాను.