మంచు ఊరి ఇంటికి ఒక పేరు

అక్టోబర్ 4, శనివారం

పోయిన నెల వెళ్ళి కొని తాళం వేసి వచ్చాం కదా, వచ్చే వేసవిలో మేము మారబోయే ఆ కెనడా ఇంటికి ఇన్సూరెన్స్ తీసుకుందామని సాయంత్రం ఏజెంట్‌కి ఫోన్ చేశాం. మన తెలుగువాడే. రెండు పాలసీల్లో ఏది మంచిదని అడుగుతూ ఈయన గొప్పగా, "సెలవుకి వెళ్ళేటప్పుడు ఇక్కడ చేసినట్టే, హీటర్‌తో సహా అన్నీ ఆపేసి వచ్చామండి" అన్నారు.

"అయ్యో, చలికాలంలో హీటర్ ఆపకూడదండీ! నీళ్ళు గడ్డకట్టి పైపులు పగిలిపోతాయి. అప్పుడు ఏ పాలసీ ఉన్నా పైసా రాదు. వారానికోసారి ఎవరైనా లోపలికెళ్ళి చూడాలి. వాళ్ళ పేరు ఫారంలో రాయండి."

ఖతార్ ఎడారిలోని ఈ అల్ ఖోర్‌లో ఇప్పటికీ మధ్యాహ్నం కుళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది. పైపులో నీళ్ళు నిద్రపోతే ఎలా ఉంటుందో! మనిషి లేని గదులు వెచ్చగా, కిటికీ బయట చప్పుడు లేకుండా మంచు కురుస్తూ... ఎవరో తలుపు తీసుకుని లోపలికి వస్తారు. వాళ్ళ ముఖం మాత్రం ఎంతకీ కనిపించదు.

అక్కడ మాకు ఎవరూ తెలియదు. ఇక్కడ పదేళ్ళుగా మేము ఊరెళ్ళినప్పుడల్లా తాళంచెవి ఎదురింటి సరళ దగ్గరే. మొక్కలకి నీళ్ళు పొయ్యమని కూడా చెప్పక్కర్లేదు.

ఫారంలో పేరు దగ్గర అలవాటుగా సరళ అని రాసి, కొట్టేశాను.