వడగట్టిన ద్రాక్షరసం

రాజమండ్రి, ఆశాజ్యోతి ఇంటి నుంచి

విజయ్ పాల్ గారికి బేబి వందనాలు. మన అమ్మాయి ఆశకు ఇంకా పురిటి నొప్పులు రాలేదు, బాగానే ఉంది. బాగోలేనిది నేనే, మీ మీద కోపంతో ఒళ్ళు మండిపోతోంది.

పోయిన ఆదివారం చర్చి గుడిలో మీరు కళ్ళు తిరిగి కూలబడ్డారని పక్కింటి తబిత చెప్పింది. నేను ఫోన్ చేస్తే "ఎండ దెబ్బే" అని పెట్టేశారు. ఎండ కాదు! ఏదో వీడియో చూసి, బీపీ బిళ్లలు మానేసి, పూటకో గ్లాసు నల్లద్రాక్ష రసం తాగుతున్నారట. "ప్రభువు బల్ల మీద ద్రాక్షరసం ఊరికే పెట్టారా? గుండెకు మందు కాబట్టే" అని తబితకు బోధ కూడా చేశారట.

ఇక్కడి డాక్టరమ్మ గారిని అడిగాను. "ద్రాక్ష తొక్కలో ఉండే యాంటీ ఆక్సిడెంట్ గుండెకు కొంత మేలు చేయొచ్చండి. కానీ అది బిళ్ల చేసే పని చేయదు. పళ్ళు తొక్కతో తినమనండి, బిళ్ల మాత్రం మానొద్దనండి" అన్నారు. మీరేమో గుడిలో ప్రభువు బల్లకు చేసినట్టే తొక్కంతా వడగట్టి పారేసి, పంచదార కలుపుకుని తాగుతున్నారు!

కందిపప్పు ఎండలో పోశారా? కోళ్ళను గూట్లో మూస్తున్నారా?

ఈ కార్డు గుడి అడ్రసుకే వేస్తున్నాను. ఈ ఆదివారం ప్రార్థన విన్నపాలు చదివే వంతు మీదే. పాస్టరు అయ్యగారు ముందే చూస్తారు కాబట్టి దాచలేరు. గట్టిగా చదవండి: "పుట్టబోయే బిడ్డను ఎత్తుకునేందుకు నా భర్త బతికుండాలని సంఘం ప్రార్థించాలి."

చదివాక అందరి ముందూ బిళ్ల మింగి, అప్పుడు ఆమెన్ అనండి.

మీ బేబి